భుజం మీద ఆగని చీర

ఆ ఉదయం కొంతం చౌక్ దగ్గర చెల్లెలింట్లో సీమంతానికి వెళ్దామని చంద్రభాగ తలస్నానం చేసి ట్రంకుపెట్టె తెరిచింది. ఎర్రంచు పట్టుచీర లేదు. అడుగుదాకా తోడినా లేదు. చీరలు నేసే కార్ఖానాకని బయల్దేరుతున్న భర్త పెంటప్పను అడిగితే, ఇస్త్రీకి ఇచ్చానని చెప్పి, చెప్పుల్లేకుండా గడప దాటి, మళ్లీ వచ్చి వేసుకుని పోయాడు. ఇన్నేళ్ల కాపురంలో అతడు తన చొక్కా కూడా ఇస్త్రీకి ఇచ్చిన మనిషి కాదు.

ఇస్త్రీ బండివాడు తనకేమీ తెలియదన్నాడు. ఎదురింటి గుమ్మంలో బీడీలు చుడుతున్న గోదావరికి తెలుసు. నిన్న పెంటప్ప చంకలో మూట పెట్టుకుని హోట్గి రోడ్ బస్సెక్కడం ఆమె చూసింది. చూసింది అంతవరకే. చెప్పేటప్పుడు మాత్రం, జుట్టుకు రంగేసినట్టు కూడా అనుమానంగా ఉందని కలిపింది. చంద్రభాగ సీమంతం సంగతే మరిచిపోయింది.

హోట్గి రోడ్‌లో పెంటప్ప మేనల్లుడు వాసుదేవ్ అద్దెకుంటున్నాడు. పుణేలో కంప్యూటర్ చదువు పూర్తిచేసి కిందటేడే వచ్చాడు. అతడి గది అడ్డం పెట్టుకుని మామ వేషాలేస్తున్నాడని గోదావరి తేల్చేసింది. ఇద్దరూ బస్‌స్టాప్ చేరేసరికి గల్లీలోని మరో నలుగురు ఆడవాళ్లు, సంగతేమిటో పూర్తిగా తెలియకుండానే, తోడుగా బయల్దేరారు.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. చంద్రభాగ చెవి ఆనించింది.

"మామా, భుజం మీద ఆగుతలేదు. జారిపోతుంది," అన్నాడు వాసుదేవ్.

"నడుము కాడ గూడ వదులైంది. గాలి బంద్ చెయ్యి," అన్నాడు పెంటప్ప. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అత్తకు తెల్వకముందే అయిపోవాలె."

చంద్రభాగ తలుపు తోసింది. వెనకున్న ఐదుగురూ సాయపడ్డారు.

లోపల ఆడమనిషి లేదు. దండెం మీద చంద్రభాగ చీర వేలాడుతోంది. కంప్యూటర్ తెర మీద కళ్లూ ముక్కూ లేని బూడిదరంగు బొమ్మ, దాని ఒంటి మీద అచ్చం అలాంటి చీరే. కొత్త అంచు నేయకముందే, కడితే ఎలా ఉంటుందో వ్యాపారికి చూపాలని వాళ్ల ప్రయత్నం. బట్ట బరువు, మడత, జారుడు, గాలి, అన్నిటికీ అంకెలు పెట్టాలి. కంప్యూటర్‌లో పెట్టిన కొత్త గ్రాఫిక్స్ కార్డు దాన్ని బొమ్మ కట్టి చూపిస్తుంది. ఒక్క అంకె తప్పితే చీర పైకప్పుకు ఎగురుతుంది, లేదా బొమ్మలోంచే దూరి నేలన పడుతుంది.

"నమూనకు కావాలె, అడిగితె ఇయ్యవని తీస్కొచ్చిన," అన్నాడు పెంటప్ప.

చంద్రభాగకు ప్రాణం కుదుటపడింది, వెంటనే వెంట వచ్చినవాళ్లను చూసి సిగ్గేసింది. గోదావరి మాత్రం బీడీల పని పాడుచేసుకుని వచ్చింది, ఊరికే తిరిగిపోయేలా లేదు.

"మరి ఈ పొడుగు, ఈ భుజాలు ఎవరియి?"

పెంటప్ప తన మీద మచ్చ పూర్తిగా పోవాలనుకున్నాడు. "నాకేం ఎరుక? అంత పిల్లగాడే పెట్టిండు. మంగళ అని పేరు గూడ రాసిండు."

మంగళ గోదావరి కూతురు.

గోదావరి బొమ్మను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. పొడుగు సరిగ్గా ఉంది.

"నీకెట్ల తెల్సింది?"

"అందాజగ పెట్టిన, అత్తమ్మా," అన్నాడు వాసుదేవ్. నిన్నటిదాకా ఆమెను పిన్ని వరసన మౌసీ అని పిలిచేవాడు.

గోదావరి చెయ్యెత్తింది గానీ, చంద్రభాగ ఆ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. రెండిళ్ల ఇంటిపేర్లూ వేరే, సంబంధానికి అడ్డు లేదని వెంట వచ్చిన నలుగురూ అప్పటికే తేల్చేశారు.

ఆ సాయంత్రం గల్లీలో పెంటప్ప ఊసు ఎవరూ ఎత్తలేదు. చెప్పుకోవడానికి అంతకన్నా మంచిది దొరికింది.