గేటుకు వచ్చిన జ్వరం

లోకంలో కాపలాను కనిపెట్టింది మనిషి కాదు, మనిషి ఒళ్లు. ఈ మహాసత్యం రోగనిరోధక పరిశోధనాలయం డైరెక్టరుగారికి గేటు దగ్గర ఒక సైకిలు పోయిన రోజున స్ఫురించింది. (సైకిలు ఆయనదే.) మర్నాడే నలభై రెండు పేజీల ఉత్తర్వు వెలువడింది: ఇకపై ఈ భవనం తన్ను తాను ఒక శరీరంగా భావించుకోవలెను.

ముందు గార్డులకు పరీక్ష. ఒంట్లోని కాపలా కణాల్లో ఒక తెగకు ఛాతీలో చిన్న బడి ఉంటుంది. సొంతవాళ్లను కొట్టేవాడూ ఫెయిలే, ఎవరినీ గుర్తుపట్టలేనివాడూ ఫెయిలే. నూటికి తొంభైకి పైగా ఆ బడి దాటి బయటికి రావు. ఇక్కడా నలభైమందిలో ముప్ఫై ఎనిమిదిమంది ఇంటిదారి పట్టారు. మిగిలిన ఇద్దరూ నలభై పోస్టులు పంచుకున్నారు.

తరువాత టీకా. ఆవుల మశూచి సోకిన పాలమ్మాయిల జోలికి పెద్ద మశూచి రావడంలేదని పూర్వం ఒక డాక్టరు ఆలోచనలో పడ్డాడు. అసలు దొంగ రాకముందే ఉత్తుత్తి దొంగను చూపిస్తే చాలునన్న కిటుకు అలా బయటపడింది. డైరెక్టరుగారు ప్రతి సోమవారం రికార్డు సెక్షను గుమాస్తాను దొంగగా పంపారు. నోట్లో నాలుక లేని మనిషి. గోడ దూకడానికి గార్డునే నిచ్చెన అడిగేవాడు. అతనిది నున్నటి గుండు. ఆరు సోమవారాలు గడిచేసరికి గార్డుల బుర్రకెక్కింది ఒక్కటే: గుండు కనపడితే దొంగ.

ఇంతలో ఫ్రీజరక్కకు టైఫాయిడ్ వచ్చింది. ల్యాబులో ఫ్రీజర్లన్నీ చూసుకునే టెక్నీషియను కనుక ఆమెను అందరూ పిలిచేది అలాగే. జ్వరం తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొస్తుంటే ఒళ్లుమండి గుండు చేయించుకుంది. సెలవు ఇంకా ఒకరోజుందనగా, ఆదివారం పొద్దున్నే ల్యాబు అలారం దానంతటదే ఆమెకు ఫోను కొట్టింది. మూడో నంబరు ఫ్రీజరు తలుపు జారింది.

అది మాయదారి తలుపు. పిడి పైకెత్తిపట్టి, దిగువ మూలను మోకాలితో ఒక్క తోపు తోస్తే పడుతుంది. లోపల ఆరువందల గొట్టాలు, పదకొండేళ్ల కిందటి విషజ్వరం నుంచి బతికి బయటపడ్డవాళ్ల రక్తం. వాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. ఆ జ్వరం మళ్లీ మొదలైందని నెలకిందటే కబురొచ్చింది. టీకా తయారీకి ఆధారం ఆ గొట్టాలే. గంటన్నర దాటితే అవి కరుగుతాయి.

"తమ్ముడూ, గేటు తియ్యి తొందరగా! మూడో నంబరు మళ్లీ మొరాయించింది."

"నీ గొంతు నాకు తెలీదా అక్కా? కానీ ఆ గుండు..."

"జ్వరమొచ్చి చచ్చి బతికానురా! రోజూ నీకు టీ తెచ్చేది ఎవరు?"

"టీ నిజమే. మొహమాటానికి గేటు తీసినవాళ్లంతా పరీక్షలో పోయారక్కా. నాకిద్దరు పిల్లలు."

"సరే, నువ్వే వెళ్లి ఒక్క తోపు తోసిరా."

"అమ్మో! గార్డు ల్యాబులో కాలుపెట్టకూడదు. మెదడు చుట్టూ గోడుంటుందట, వచ్చేపోయేవాళ్లను ఊరికే రానివ్వదట. ఇరవయ్యో పేజీ."

ఫారం నింపి ఆమెను తిప్పి పంపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫోటో జ్ఞాపకాల రిజిస్టరులోకి ఎక్కింది. ఒంటి పద్ధతే అంత: శత్రువును మొదటిసారి చూస్తే తీరిగ్గా ఆలోచిస్తుంది, రెండోసారి చూస్తే చూడగానే కొడుతుంది. ఆమె చుట్టుతిరిగి వెళ్తే, వెనక గేటు దగ్గర ఇరవై సెకన్లలో ఈల మోగింది.

ఆమె డైరెక్టరుగారికి ఫోను చేసింది.

"మీరు మావాళ్లేనని రుజువేమిటి?"

"పోయిన నెలేగా సార్, మీ చేత్తోనే నాకు సన్మానం చేశారు!"

"అప్పుడు జుట్టుంది."

"సార్, అవతల గొట్టాలు కరిగిపోతున్నాయి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కంగారుపడకండి. లోపలున్న మావాళ్లెవరైనా వచ్చి మిమ్మల్ని గుర్తిస్తే చాలు."

(ఆదివారం కనుక లోపల ఎవరూ లేరు.)

ఇక లాభంలేదని ఆమె గోడెక్కింది. మూడోసారి కనుక జ్వర ప్రణాళిక దానంతటదే అమలైంది. శత్రువు దొరికితే ఒళ్లు వేడెక్కుతుంది కదా, అందుచేత సైరను మోగింది, తలుపులన్నీ బిగుసుకున్నాయి, లోపలివాడు ఉక్కపోతకు తాళలేక బయటపడాలని కరెంటూ జనరేటరూ ఆగిపోయాయి. పదకొండేళ్లుగా వింటున్న ఫ్రీజర్ల హోరు ఠక్కున ఆగింది. ఆమె గోడమీదే కూలబడి భోరున ఏడ్చింది.

"అంతా నాశనం చేశారు కదరా!"

"ఊరుకో అక్కా," అన్నాడు కిందనుంచి గార్డు. అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడు గంటల్లో జ్వరం దానంతటదే తగ్గుతుంది."

సోమవారం నివేదిక వచ్చింది. చొరబాట్లు: శూన్యం. వ్యవస్థ పనితీరు: సంతృప్తికరం. కరిగిపోయిన ఆరువందల గొట్టాలను పారబోయడానికి మనిషి కావలసి వచ్చి ఫ్రీజరక్కకు కబురుపెట్టారు. చెత్త తీసుకుపోయేవారికి గుర్తింపు అక్కర్లేదని ముప్ఫై ఒకటో పేజీలో ఉంది కనుక, గేటు దగ్గర ఆమెను ఎవరూ ఆపలేదు.