మారెక్ గారి ఒక్క పాట

తెలుగు జాతి చరిత్రలోనే మొట్టమొదటిసారిగా ఒక స్లొవాకియా రాక్ బ్యాండును ఆస్థాన విద్వాంసులుగా నియమిస్తున్నట్టు అమెరికాలోని ఆష్‌బర్న్ తెలుగు సంఘం అధ్యక్షులు పరంధామయ్యగారు ఉగాది వేదిక మీద ప్రకటించారు. ఆ చప్పట్లకి హైస్కూల్ ఆడిటోరియం పైకప్పు అరంగుళం లేచి మళ్లీ కూర్చుంది.

పాటగాడు మారెక్‌కి కావలసింది ఒక్కటే. పన్నెండేళ్లుగా నలుగురు స్నేహితులూ గరాజులోనే వాయించుకుంటున్నారు. విన్నది కార్లే. స్లొవాకియాలో తమ ఊళ్లో ఆగకుండా వెళ్లిపోయే రైలు మీద తను రాసిన పాటని వెయ్యిమంది ముందు ఒక్కసారి పాడాలి.

గిటారు మీటబోయాడు. పరంధామయ్యగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు నాయనా, సన్మానం కాకుండా పాటేమిటి?"

శాలువా కప్పారు. పదిహేడుమంది మాజీ అధ్యక్షులు తలా ఒక శాలువా కప్పి, తలా ఒక ఉపన్యాసం ఇచ్చారు. డ్రమ్ములు వాయించే యురాయ్ శాలువాల కింద కనిపించకుండా పోతే తవ్వి తీశారు. ఈలోగా హాల్ టైమ్ అయిపోయింది.

"దీపావళికి ఫస్ట్ ఐటమ్ మీదే!" అన్నారు పరంధామయ్యగారు.

ఆగస్టులో మారెక్ ఫోన్ చేశాడు. "సార్, మై సాంగ్?"

"సాంగ్‌దేముందయ్యా! ముందు మీకో కమిటీ ఉండాలి కదా. పదవి లేని మనిషిని స్టేజీ మీదకి ఏమని పిలవను?"

ఆ పూటే మారెక్ బ్యాండు ప్రెసిడెంటయ్యాడు. యురాయ్ కాబోయే ప్రెసిడెంటు. మిగతా ఇద్దరూ ట్రస్టీలు. పన్నెండేళ్లలో ఒక్క మాట అనుకోనివాళ్లు వారం తిరక్కుండా దీపావళి ఫ్లయర్‌లో తమ ఫొటోల ముందు కొలిచే టేపు పట్టుకుని నిలబడ్డారు.

"నా తలకాయ నీ తలకాయకన్నా చిన్నదెందుకుంది?" అన్నాడు యురాయ్.

"నువ్వింకా కాబోయేవాడివేగా!" అన్నాడు మారెక్. అన్నాక అతనికే భయమేసింది.

యురాయ్ ఇద్దరు ట్రస్టీలనీ, డ్రమ్ములనీ కార్లో వేసుకుని పక్క ఊరు హెర్న్‌డన్ వెళ్లి 'అసలైన బ్యాండు' పెట్టేశాడు. కబురు విన్న పరంధామయ్యగారికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

"ఆరు నెలల్లోనే చీలారా! మా సంఘానికి పదేళ్లు పట్టింది. ఎదిగారయ్యా!"

దీపావళి వచ్చింది. మారెక్ ఒక్కడే స్టేజీ ఎక్కాడు. ఎదురుగా వెయ్యిమంది. కార్యదర్శి శశికళగారు మైకు చేతికిచ్చి, "నలభై నిమిషాలు మీవే, పాడండి," అన్నారు. చెయ్యి పట్టుకునేవారు లేరు.

మారెక్ గిటారు పక్కన పెట్టి, శాలువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వేదిక మీదున్న పెద్దలకీ, వేదిక ముందున్న పెద్దలకీ నమస్కారం. టైమ్ లేదు కాబట్టి రెండే ముక్కలు..."

నలభయ్యో నిమిషంలో శశికళగారు చీటీ పంపారు. మారెక్ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "చివరిగా ఒక్క మాట," అన్నాడు.