స్వేచ్ఛా దినాన పంజరంలో తుర్రి

వాన మొదలైతే ఈ కొస చెట్లు తడిసి ఆరిపోయాక గానీ ఆ కొస చెట్లు తడవనంత పెద్ద అడవి ఒకటి ఉండేది. వేటగాళ్లు వలలు వదిలేసి పారిపోయిన రోజును ఆ అడవి బడిలో ఏటా స్వేచ్ఛా దినంగా జరుపుకునేవారు.

ఈ ఏటి పండుగ ముగిసిన సాయంత్రం సూదిగాడనే ముళ్లపంది పిల్ల బడికి వచ్చాడు. కిందటేడు వాడు పక్కనుంచి నడిస్తే బుడగలన్నీ పేలిపోయాయి. అందుకే ఈసారి పండుగకు వాణ్ణి రావద్దన్నారు. ఎలా జరిగిందో తుర్రిని అడిగి తెలుసుకుందామని వాడి ఆశ.

తుర్రి ఉడుత పిల్ల. జెండాకర్ర పక్కన వెదురు పంజరంలో, ఒంటినిండా జిగురు పూసి అంటించిన బూరుగు దూదితో కూర్చుని ఉంది.

"ఏంటే ఇది?"

"నేను పావురాన్ని," అంది తుర్రి కాస్త గొప్పగా.

"మరి పావురాలేమయ్యాయి?"

"రామన్నాయి రా. ముఖ్య అతిథి చేత పావురాన్ని ఎగరేయించాలని మన కొంగ మాస్టారి పట్టుదల. 'కాసేపు పంజరంలో కూర్చోండి, అధ్యక్షులవారు స్వేచ్ఛ ఇస్తారు' అన్నారు. 'మాకుంది కదండీ' అన్నాయి అవి. 'మీకున్నది వేరు, వారిచ్చేది వేరు. మీరు లోపలికి వెళ్లకపోతే ఆయన ఎలా ఇస్తారు?' అని మాస్టారు కసిరారు. అవి ఎగిరిపోయాయి."

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"అందరికీ ఒక లడ్డు. పావురానికి రెండు."

సూదిగాడికి అది సబబుగానే తోచింది. "మరి ఎగరాలిగా?"

"తలుపు తీయగానే జెండాకర్ర మీదికి దూకమన్నారు. దూరం నుంచి ఎగిరినట్టే ఉంటుందట."

తర్వాతదంతా తుర్రి చేతులు తిప్పుతూ చెప్పింది. వనసంఘం అధ్యక్షుడు భల్లూకరావు గారు ఎండ నడినెత్తికెక్కాక వచ్చారు. ఆయన కోసం నిలబడి నిలబడి మేకపిల్లలు మామిడాకుల తోరణం సగం తినేశాయి. ఆయన స్వేచ్ఛ గురించి మాట్లాడుతూనే ఉన్నారు. తాబేలు టీచరు కళ్లు మూసుకుంటే భక్తి అనుకున్నారు, గురక వినపడేదాకా.

"చివర్లో నా పంజరం మీద చెయ్యి వేసి, 'ఈ అడవిలో బందీ అన్నవాడు ఒక్కడూ లేడు' అన్నారు రా. అందరూ చప్పట్లు."

"నువ్వూ కొట్టావా?"

"నేనే ముందు కొట్టాను."

ఆ చప్పట్ల మధ్యలోనే వాగు అవతల తేనెపట్టు దించుతున్నారని కబురొచ్చింది. ఎలుగుబంటి దొరవారు మైకు వదిలేసి పరుగెత్తారు. పిల్లలు లడ్డూలు తిని ఇళ్లకు వెళ్లిపోయారు. పంజరం తలుపు మాత్రం ఎవరూ తీయలేదు.

"మాస్టారైనా తీయొచ్చుగా?"

"తాను తీస్తే అధ్యక్షులవారికి అవమానమట. ఆయనకు కబురు పెట్టారు."

"మరి నీ రెండు లడ్డూలు?"

"ఎగిరాక ఇస్తామన్నారు." పొద్దున్నుంచీ గొప్పగా ఉన్న సంగతి, బయటికి చెబుతుంటే ఎందుకో అంత గొప్పగా లేదు. దూది కింద ఒళ్లంతా దురద.

సూదిగాడు పంజరం చుట్టూ తిరిగాడు. "తుర్రీ, నువ్వు ఉడుతవి కదే. వెదురు కొరకలేవా?"

"పావురాలు కొరకవు రా," అంది తుర్రి. అనేశాక తన పళ్లను నాలుకతో ఒకసారి తడుముకుంది. తర్వాత కరకరమని మొదలుపెట్టింది. కాసేపటికి వెనకవైపు బెజ్జంలోంచి బయటపడి, దూది రాల్చుకుంటూ స్నేహితుడితో ఇంటికి పోయింది.

మర్నాడు భల్లూకరావు గారు బొమ్మలు గీసే నెమలిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. "నిన్న స్వేచ్ఛ ఇవ్వడం మరిచాను. ఏదీ పావురం?"

ఖాళీ పంజరం చూసి కొంగ మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. తుర్రి గబుక్కున సూదిగాడి ముళ్ల వెనక్కి చేరింది. అక్కణ్ణుంచి దాన్ని లాగే ధైర్యం ఎవరికుంటుంది? తెల్లటి పక్షి కోసం అందరూ నాలుగు దిక్కులా వెతికి, చివరికి మాస్టారి వైపే చూశారు.

మాస్టారు కాళ్లు ముడుచుకుని లోపలికి దూరారు. మెడ మాత్రం పై కమ్మీల సందులోంచి బయటే ఉండిపోయింది. గొళ్లెం పడింది. దొరవారు "రెండే రెండు ముక్కలు" అంటూ మొదలుపెట్టారు.

మధ్యాహ్నానికి మళ్లీ ఎక్కడో తేనె దించారు.

"అయ్యా..." అన్నారు మాస్టారు.

"సభ ముగిశాక మాట్లాడండి," అంటూ దొరవారు వెళ్లిపోయారు.

తుర్రి జాలిపడి గొళ్లెం తీయబోయింది.

"చెయ్యి తియ్యి," అన్నారు మాస్టారు మెడ నిటారుగా పెట్టి. "అధ్యక్షులవారికి కబురు పంపుదాం."

నీతి: స్వేచ్ఛ ఇచ్చేవారికి తీరిక దొరికేదాకా లోపల కుదురుగా కూర్చునేవారే మర్యాదస్తులు.