గాయానికి తగిన మాట

ఆ పట్టణంలో గాయం ఎంత ఉండాలో వార్డు ఆఫీసు రిజిస్టరులో రాసిన మాటే నిర్ణయిస్తుంది. మెత్తటి మాట రాస్తే వాపు తగ్గుతుంది. ఆస్పత్రిలో రద్దీ తగ్గిందని పై అధికారులు సంతోషించి, మాట చూసి రాసే గుమాస్తాలకు ఏటా శాలువా కప్పుతారు.

మంగళవారం పదకొండు గంటలకు వకుళ ఎడమ కన్ను మూసుకుపోయేంత వాపుతో వచ్చింది. వెంట అత్తగారు సుందరమ్మ. వకుళకు కావలసింది ఒకటే: 'భర్త కొట్టాడు' అన్న నమోదుకు నకలు. అది లేనిదే, వేరుగా ఉంటానన్న అర్జీని కోర్టు తీసుకోదు.

గుమాస్తా అనసూయ కలం తెరిచింది.

"కొట్టాడంటే మోటుగా ఉంటుందమ్మా. చేయి చేసుకున్నారని రాస్తా."

రాయగానే కన్ను సగం తెరుచుకుంది.

"వద్దండీ. కొట్టాడనే రాయండి."

"చదువుకున్నదానివి, ఇవేం మాటలే?" అంది సుందరమ్మ. "వాడికి కాస్త కోపం ఎక్కువ. అంతవరకు రాయి తల్లీ."

అనసూయ దిద్దింది. కంటి చుట్టూ నలుపు పసుపులోకి తిరిగింది. వకుళ సంచిలోంచి అద్దం తీసి చూసుకుంది. నమ్మకం కుదరక చెంప నొక్కి చూసింది.

"నొప్పి అలాగే ఉందండీ."

"రిజిస్టరులో నొప్పికి గడి లేదమ్మా. పైకి కనిపించేదానికే."

"మళ్ళీ సరిగ్గా రాయించుకోవాలంటే?"

"గాయం చూపించి అర్జీ పెట్టుకోవాలి."

చివరికి అత్తగారూ గుమాస్తా మాట్లాడుకుని 'బాత్రూంలో కాలు జారింది' అని తేల్చారు. అందులో ఎవరి పేరూ రాదు. వకుళ సంతకం పెట్టలేదు. ఇంటి పెద్ద పెడితే చాలని నిబంధన ఉంది. చెంప తేటపడింది, మోచేతి దగ్గర కొత్తగా చిన్న గీరు పడింది.

ఇంటికి వచ్చేసరికి, పదేళ్ళుగా గరుగ్గా ఉన్న బాత్రూం బండల మీద పచ్చటి పాచి పట్టి ఉంది.

"చూసుకుని నడవద్దూ?" అన్నాడు భర్త రఘురాం, ఎంతో ఆపేక్షగా.

వకుళ బ్లీచింగ్ పౌడరు కోసం వీధి చివరి కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన అడక్కుండానే రెండో ప్యాకెట్ కూడా ముందు పెట్టాడు.

"ఒకటి చాలదమ్మా. మీ వీధి పాచి అంత తొందరగా వదలదు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వీధిలో పద్నాలుగు ఇళ్ళు. తమది తప్ప ప్రతి ఇంటి బాత్రూం కిటికీలోనూ అదే ప్యాకెట్ ఉంది.

వకుళ రెండూ తీసుకుంది.