మోటార్ల దుకాణానికి కుట్టుమిషను

మోటారు మెకానిక్ గుండె ఆగి పోయిన రోజున అతని భార్యకు భర్త లేకుండా పోయాడు. అదే రోజున, పేదలకు జకాత్ దానం పంచే మసీదు కమిటీకి ఒక అర్హురాలు దొరికింది.

దుకాణం వెనక గదిలో కూర్చుని కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టింది పదకొండేళ్లుగా ఆవిడే. ముందు కూర్చుని ధర చెప్పింది ఆయన. కాబట్టి మెకానిక్ అని లోకం ఆయననే పిలిచింది. దుకాణం మసీదుది. అద్దె ఒప్పందం ఆయన పేరు మీదే ఉండేది. ఆయన పోగానే కమిటీ తాళం వేసింది.

వితంతువు ఇంటిపట్టున ఉండవలసిన నాలుగు నెలల పది రోజులు గడిచాక, ఒప్పందం తన పేరున మార్చమని ఆవిడ అర్జీ పెట్టుకుంది. కమిటీ దానిని అపారమైన సానుభూతితో పరిశీలించి, కుట్టుమిషను మంజూరు చేసింది. వితంతువులకు కమిటీ మొదటినుంచీ ఇస్తున్నది అదే.

తనకు కుట్టు రాదనీ, ఒక్క సంతకం చాలనీ ఆవిడ మనవి చేసుకుంది. అధ్యక్షులవారు ఓపిగ్గా బోధపరిచారు.

"సంతకం జకాత్ కిందికి రాదు తల్లీ. ఇచ్చింది నీ సొంతమైపోవాలి. దుకాణం నీ సొంతం కాదుగా?"

ధర్మసూక్ష్మం అంత తేటగా చెప్పగలవారు అరుదు.

మిషన్లు పంచడానికి కమిటీవారి మహిళా సాధికారత సభ ఘనంగా జరిగింది. మహిళలను గౌరవంగా తెర వెనక కూర్చోబెట్టారు. స్త్రీ తన కాళ్ల మీద తాను నిలబడాలని అధ్యక్షులవారు అంటుండగా ఆయన పక్కనున్న ఫ్యాను ఆగిపోయింది. ఆయన ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆవిడ తెర తొలగించుకుని వచ్చి, ఫ్యాను వెనక మూత విప్పి, తెగిన తీగ కలిపి, మళ్లీ తెర వెనక్కి వెళ్లింది. గాలి తగలగానే ఆయన అందుకున్నారు.

"మన ఆడవాళ్లకు ఏదో ఒక చేతిపని వచ్చుంటే ఇవాళ ఈ అవస్థ ఉండేదా?"

మనమందరం చప్పట్లు కొట్టాం.

మిషను ఇంటికి చేరాక ఆడపడుచు దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"వదినా, దీనికి మోటారన్నా ఉందా? ఉంటే విప్పుకుని కాలక్షేపం చేద్దువు."

"లేదమ్మా, కాలితో తొక్కేదే."

"నిలబడమని చెప్పి, కూర్చుని తొక్కేది ఇచ్చారన్నమాట."

ఆవిడ నవ్వింది. భర్త పోయాక అదే మొదటిసారి.

కమిటీ వార్షిక నివేదికలో, సాధికారత పొందినవారి వరసలో ఆవిడ ఫొటో చక్కగా వచ్చింది. నివేదిక మనందరికీ పంపారు. చదివి సంతోషించాం. దుకాణం ఏమైందని ఎవరమూ అడగలేదు. ఒప్పందంలో పేరు ఇంకా మార్చలేదు. తాళం ఇంకా తీయలేదు.