నీళ్ళలో మునిగిన పెన్ను

పొద్దున్నే మేడ మీద లేత్ మిషన్ ముందు కూర్చున్న పెన్నులాయన అనుకున్నది చాలా చిన్న పని. పదింటికల్లా పెన్ను పూర్తి చేసి భార్య చేతిలో పెట్టాలి. ఆవిడ ఆవేళే ఆఫీసులో పెద్ద కుర్చీ ఎక్కుతోంది. మొదటి సంతకం తన పెన్నుతోనే పెట్టాలని ఆయన పంతం. ఇరవై ఏళ్ళ కాపురంలో ఏ కానుకా చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు మరి!

ఆ పెన్ను చెక్కడానికి ఉన్నది ఒక్కటే ముక్క, వేలెడు నల్లకర్ర. అబ్బ, ఎంత బరువో! అరచేతిలో పెట్టుకున్న ప్రతిసారీ ఆయన ఒళ్ళు పులకరించేది.

బావమరిది వచ్చి పెదవి విరిచాడు. "ఏదో కర్రకి రంగు పూసి నీకు అంటగట్టారు బావా."

"ఒరేయ్, నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుందిరా ఇది!"

"కర్ర మునగడమా? ఏదీ, వెయ్యి చూద్దాం."

పక్కనే నీళ్ళ ట్యాంకు. వేశాడు. బుడుంగున మునిగింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగానే అది అడుగునున్న గొట్టంలోకి దూరి బిరడాలా బిగుసుకుంది.

"ఏమండీ, నీళ్ళు ఆగిపోయాయి! తలంతా సబ్బు!" కింద స్నానాలగదిలోంచి భార్య కేక. ట్యాంకు ఖాళీ అయిందనుకుని ఆవిడే మోటారు వేసింది. నిండు ట్యాంకు పొంగి కిందింటావిడ ఆరేసిన బట్టల మీద పడింది. గొట్టం పగిలిందనుకుని ఆ కిందింటావిడ ప్లంబరుని పిలిచింది.

ప్లంబరు ఆపసోపాలు పడి ముక్కని బయటికి లాగాడు. "ఇనుమాండీ?"

"కర్ర."

"కర్రా!" అంటూ అక్కడే చతికిలబడ్డాడు.

గుడ్డతో తుడిస్తే చాలు, చుక్క నీరు పీల్చలేదు. కానీ తొందరపడితే వేడెక్కి పగులుతుంది. పెన్నులాయన ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా చెక్కాడు. ఉలికి ఆరుసార్లు సాన పట్టాడు. నల్లటి పొడి రాలుతుంటే లోపలినుంచి సన్నటి ఊదా చారలు తేలాయి. పాలిష్ పెట్టకుండానే అద్దంలా మెరిసింది. తలకి తువ్వాలు చుట్టుకుని ఆయన్ని దులిపేద్దామని వచ్చిన భార్య, ఆ సంగతే మరిచి చారలకేసి వంగి చూసింది.

సరిగ్గా పదింటికి పెన్ను ఆవిడ చేతిలో పడింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత బాగుందండీ! దీంతో రాస్తే అరిగిపోదూ!" అంటూ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంకా అక్కడే కూర్చుని చూస్తున్న ప్లంబరు చెవి మీదున్న పెన్ను అడిగి తీసుకుని, సంతకానికి వేళవుతోందంటూ గబగబా వెళ్ళిపోయింది.

తన పెన్ను కోసం ప్లంబరు ఇప్పటికీ ఆ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.