కవరు తీయని శిక్షణ

మా హైవే ఆసుపత్రిలో పుట్టే ఏ బిడ్డా ఇకమీదట ఊపిరి తీసుకోవడంలో జాప్యం చేయరాదని తీర్మానమైంది. అందుకుగాను అంబులెన్సు వాళ్ళకీ, కాన్పుల వార్డు వాళ్ళకీ రెండు రోజులు శిక్షణ పెట్టారు.

శిక్షణకు పసిబిడ్డ బొమ్మ వచ్చింది. ప్లాస్టిక్ కవరులో వచ్చింది. కవరులోనే ఉండిపోయింది. కొత్త వస్తువును కొత్తగా ఉంచడంలో మా సూపరింటెండెంటు మల్లికార్జునరావు గారు పేరుపడ్డవారు. ఆయన కుర్చీకి కూడా కవరుంది. లేచినప్పుడల్లా చప్పుడవుతుంది. మేం నిలబడవలసిన వేళ తెలియడానికి అది సౌకర్యం.

నేర్పడానికి బెజవాడ నుంచి వచ్చిన నర్సు డయానా గారు, "సార్, మాస్కు మూతికి ఆనాలండి. కవరు తీయాలి" అన్నారు.

"ఆనిందనుకోండమ్మా. రేపు తనిఖీకి వచ్చేవాళ్ళకి వాడేసిన బొమ్మ చూపించమంటారా?"

అందరూ ఆనిందనుకున్నారు. గాలి పోయిందనుకున్నారు. బొమ్మ ఏడ్చిందనుకున్నారు. ముప్ఫై ఇద్దరూ పాసయ్యారు. అంబులెన్సు టెక్నీషియన్ పాల్ ఫస్టు వచ్చాడు. ఆయా అమలమ్మకు పదో తరగతి లేదు గనుక శిక్షణా లేదు. కవరు మీద దుమ్ము తుడిచే బాధ్యత అప్పగించారు. దిష్టి తగలకుండా ఎవరో కవరుకి కాటుకచుక్క కూడా పెట్టారు.

రెండోనాడు సాయంత్రం పట్టాల సభ. పటమట నుంచి శాలువాలు వచ్చాయి. సూపరింటెండెంటు గారు మైకులో "ఈ నిమిషం నుంచి..." అంటుండగా అంబులెన్సు వచ్చింది. గేటు తీసింది నేనే. బండిలో డ్రైవరొక్కడే ఉన్నాడు, మిగతావాళ్ళు పట్టాల కోసం లోపలున్నారు. గన్నవరం నుంచి ఓర్చుకుంటూ వచ్చిన స్టెల్లాకు సరిగ్గా గేటులోనే కాన్పయింది. ఆడపిల్ల. నీలంగా ఉంది. ఏడవలేదు.

ముప్ఫై ఇద్దరూ పట్టాలతో పరుగెత్తుకొచ్చారు. పాల్ చేతిలో గాలి కొట్టే కొత్త సంచి, మాస్కూ ఉన్నాయి. కవరులో ఉన్నాయి.

"తియ్యవేందయ్యా పాలూ?" అంది అమలమ్మ, పిల్ల వీపు కొంగుతో రుద్దుతూ.

"సీలుందమ్మా. సారు సంతకం కావాలి."

"సారుకి ఊపిరాడుతుందిగా, తర్వాత పెడతార్లే. ఇటియ్యి!"

నోట్లో మిగిలిన నాలుగు పళ్ళతో చింపింది. డయానా గారు మాస్కు మూతికి ఆనించారు. నిజంగానే ఆనించారు. సంచి పిసికారు. మేమంతా ఊపిరి బిగబట్టాం. "ఏడవదేంటమ్మా? నా పిల్ల ఏడవదేంటి?" అని స్టెల్లా అడుగుతూనే ఉంది.

ఏడ్చింది.

సూపరింటెండెంటు గారు మైకు గేటు దగ్గరికి తెప్పించి, "శిక్షణ ఫలితం చెవులారా విన్నారు కదా!" అన్నారు. పాల్‌కు శాలువా కప్పారు. అమలమ్మకు మెమో ఇచ్చారు. ఆసుపత్రి కవరుపై పంటిగాట్లకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెనట. ఆమె వేలిముద్ర వేసి, పిల్లను చూడ్డానికి వార్డుకి పోయింది. సంచిని కడిగి మళ్ళీ ఆ కవరులోనే పెట్టి, టేపు అంటించారు.

కాన్పయిన మూడోనాడు స్టెల్లాను ఇంటికి తీసుకెళ్ళడానికి మామగారు సొలొమోను కొత్త కారు తెచ్చాడు.

"మామయ్యా, సీటు కవరు పిల్లకి ఒరుసుకుంటదేమో. తీసేద్దామా?"

"అమ్మో, కొత్త సీట్లమ్మా! పిల్ల తడిపితేనో?"

గేటు తీశాను. కారు వెళ్ళింది.

మీరు నవ్వుతున్నారని తెలుసు. ఇంట్లోకెళ్ళి మీ టీవీ రిమోటు ఒకసారి చూసి వచ్చి, అప్పుడు నవ్వండి. నేను గేటు దగ్గరే ఉంటాను.